ఇంటిలో చిత్రశాల: స్పీకర్లకు చోటెక్కడ?

సినిమా చూడడానికి ఊళ్లోని హాలుకు పోవడం ఒక పద్ధతి. హాలునే ఇంటికి తెచ్చుకోవడం మరొక పద్ధతి. ఈ రెండవ పద్ధతి ఇప్పుడు నగరాలలోనే గాక చిన్న ఊళ్లలో కూడా కనిపిస్తున్నది. గోడను సగానికి పైగా ఆక్రమించే టెలివిజను, దాని చుట్టూ ఐదో ఏడో స్పీకర్లు, మంద్రధ్వనుల కోసం ప్రత్యేకంగా సబ్ వూఫరు అనే పెట్టె, వీటన్నిటినీ నడిపించే ఆంప్లిఫయరు - ఇంత సరంజామాను కలిపి హోమ్ థియేటరు అంటున్నారు. కొన్న మొదటి రోజున ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తారు. పిడుగు పడితే పక్కనే పడినట్లుంటుంది. గుర్రాలు పరుగెత్తితే నేల అదురుతుంది. నాలుగు రోజులు గడిచిన తరువాత ఇంటిలోని పెద్దవారు మెల్లగా ఒక మాట అంటారు: "చప్పుడు బాగానే ఉన్నది నాయనా, వాళ్లేమి మాట్లాడుకుంటున్నారో మాత్రం తెలియడం లేదు."

ఈ మాటకు సాధారణంగా రెండు సమాధానాలు వస్తవి. పెద్దవారికి చెవి మందగించినదని అనుకోవడం ఒకటి. ధ్వని పెంచడం రెండవది. పెంచితే పోరాటం వచ్చినప్పుడు ఇల్లు దద్దరిల్లుతుంది. తగ్గిస్తే మాట వినబడదు. రిమోటు చేత పట్టుకుని పెంచుతూ తగ్గిస్తూ కూర్చోవడమే సరిపోతుంది. వయస్సుతో వినికిడి తగ్గడం నిజమే. కాని పరిశీలించి చూస్తే, చాలా ఇళ్లలో లోపం చెవిలోనే లేదు, స్పీకరులోనూ లేదు. స్పీకరును ఉంచిన చోటులో ఉన్నది. చోటు మార్చడానికి డబ్బు అక్కరలేదు. ఒక సాయంకాలం ఓపిక, కొలబద్ద, కొంచెం తీగ ఉంటే చాలును. ఆ పని ఏ విధంగా చేయవలెనో, ఎందుకు చేయవలెనో చెప్పడమే ఈ ప్రసంగోద్దేశం.

మొదట మన చెవి సంగతి చూద్దాము. మీరు కళ్లు మూసుకుని కూర్చుని, ఇంటిలోని పిల్లవానిని గదిలో తనకు తోచిన చోట నిలబడి చప్పట్లు కొట్టమనండి. ధ్వని వచ్చిన వైపుకు వేలు చూపండి. చప్పట్లు మీ ముందరి నుంచి, కొంచెం కుడికో ఎడమకో వచ్చినప్పుడు వేలు దాదాపుగా తప్పదు. కుడివైపున పుట్టిన ధ్వని కుడిచెవిని ముందుగా, ఎడమచెవిని కొంచెం ఆలస్యంగా చేరుతుంది. ధ్వని పూర్తిగా పక్కనుంచి వచ్చినప్పుడు కూడా ఆ ఆలస్యం సెకనులో వెయ్యవ వంతుకు చేరదు; దానిలో సుమారు మూడింట రెండు వంతులే. అంత స్వల్ప వ్యవధిని మన మెదడు పట్టుకోగలదు. అదీగాక ఎత్తైన స్వరాలకు తల అడ్డు వచ్చి, అవతలి చెవిపై ఒక విధమైన నీడ పడుతుంది. మంద్రస్వరాల దిక్కు కాలభేదం వల్ల, తారస్వరాల దిక్కు బలభేదం వల్ల తెలుస్తుందని ఇంగ్లండుకు చెందిన భౌతిక శాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ 1907లో వివరించినాడు.

ఇప్పుడు పిల్లవానిని సరిగా మీ ముక్కుకు ఎదురుగా ఒకసారి, సరిగా వెనుక ఒకసారి నిలబడమనండి. ఈసారి చెవి కొంత తడబడవచ్చును. రెండు చెవులకూ ధ్వని ఒకే క్షణంలో చేరుతున్నది గనుక పై రెండు ఆధారాలూ లేవు. చెవిదొప్ప ఆకారం మీద, తల కదిలించడం మీద ఆధారపడవలసి వస్తుంది. చెవి ముందరి వైపు నిశితమైనది, వెనుక వైపు అంత నిశితం కాదు. స్పీకర్ల అమరికకు ఈ సత్యమే పునాది. ముందరి స్పీకర్ల విషయంలో అంగుళాలు లెక్కించవలె. వెనుకవాటి విషయంలో అడుగో అరడుగో అటూ ఇటూ అయినా పెద్ద ముప్పు లేదు.

ఒక ధ్వనిని రెండు చెవులకు వేరువేరుగా అందించే ప్రయత్నం కొత్తది కాదు. 1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనలో క్లెమాఁ అడేర్ అనే ఇంజనీరు ఒపేరా వేదిక మీది గానాన్ని టెలిఫోను తీగల ద్వారా ప్రదర్శనశాలకు తెచ్చి, ఒక్కొక్క శ్రోతకు రెండేసి రిసీవర్లు ఇచ్చినాడు. 1931లో లండనులో ఇ.ఎం.ఐ. సంస్థకు చెందిన ఆలన్ బ్లమ్లీన్ రెండు స్పీకర్ల పద్ధతికి పేటెంటు కోరినాడు. సినిమా హాలులో నటుడు తెరపై ఒక మూల ఉండగా మాట మరొక చోటనుంచి రావడం చూసి ఆయనకు ఈ ఆలోచన కలిగినదని చెప్పుకుంటారు. 1933 ఏప్రిల్ 27న అమెరికాలో బెల్ పరిశోధనశాలవారు ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న వాద్యబృందాన్ని వాషింగ్టన్ నగరంలోని సభకు వినిపించినారు. అక్కడ వేదిక మీద వాద్యకారులు లేరు. స్పీకర్లు మాత్రమే ఉన్నవి. వారు వాడినవి రెండు మార్గాలు కావు, మూడు: ఎడమ, మధ్య, కుడి.

రెండు స్పీకర్లతోనే దిక్కు తెలియగలిగినప్పుడు మధ్యదానితో పని ఏమి? దీనికి సమాధానం మన సోఫాలోనే ఉన్నది. కుడి ఎడమ స్పీకర్లు రెండూ ఒకే మాటను సమానంగా పలికితే, సరిగా నడుమ కూర్చున్నవానికి ఆ మాట రెండింటి మధ్యనుంచి వచ్చినట్లు భ్రాంతి కలుగుతుంది. అక్కడ స్పీకరు ఉండదు. చెవి ఉన్నట్లు ఊహించుకుంటుంది. అతడు రెండడుగులు ఎడమకు జరిగితే ఈ భ్రాంతి చెదిరిపోతుంది. ఎడమ స్పీకరు ధ్వని ముందుగా చేరుతుంది గనుక, మాట మొత్తం ఎడమ మూలకు దూకుతుంది. ఒకే ధ్వని స్వల్ప వ్యవధిలో రెండు చోట్లనుంచి వస్తే, ముందు వచ్చినదే దిక్కును నిర్ణయిస్తుందని హెల్ముట్ హాస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు 1949లో తన సిద్ధాంత వ్యాసంలో విశదంగా చూపినాడు. నలుగురు కూర్చున్న ఇంటిలో మధ్య కుర్చీ ఒక్కటే. తక్కినవారందరికీ నాయిక పెదవులొకచోట, పలుకులొకచోట.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. నడుమ కూర్చున్నవాని ఒక్కొక్క చెవికి ఆ మాట రెండు ప్రతులుగా, స్వల్ప కాలభేదంతో చేరుతుంది. ఆ రెండూ కలిసినప్పుడు కొన్ని ఎత్తైన స్వరాలు ఒకదానినొకటి చెరుపుకుంటవి. మన భాషలో స, శ, త, క వంటి హల్లులను ఒకదాని నుంచి మరొకదానిని వేరుపరచేవి ముఖ్యంగా ఆ ఎత్తైన స్వరాలే. వయస్సు మళ్లినవారికి మొట్టమొదట తగ్గే వినికిడి కూడా అదే. అచ్చులు వినబడతవి, హల్లులు జారిపోతవి. "ఏదో అంటున్నాడు" అని తెలుస్తుంది, ఏమన్నాడో తెలియదు. పెద్దవారి ఫిర్యాదుకు మూలం ఇక్కడ ఉన్నది. మధ్య స్పీకరు ఒక్కటే మాటను పలికినప్పుడు ఈ రెండు చిక్కులూ తొలగిపోతవి. అందువల్లనే చిత్ర నిర్మాతలు సంభాషణలో అధికభాగాన్ని ఆ మధ్య మార్గానికే అప్పగిస్తారు. ఇంటిలో మనం మొదట చోటు చూడవలసినది దానికే.

ఉదాహరణకు ఒక గదిని తీసుకుందాము. పొడవు 16 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10. పన్నెండడుగుల గోడకు టెలివిజను ఉన్నది. అటువంటి గదిలో మనవారు సోఫాను ఎదుటి గోడకు పూర్తిగా ఆనించి వేస్తారు. నడవడానికి చోటు కలిసివస్తుంది గాని చెవికి మేలు కాదు. మూసిన గదిలో మంద్రస్వరాలు గోడల మధ్య నిలిచి ఊగుతవి. ఈ గది పొడవుకు సెకనుకు సుమారు 35 కంపనాల ధ్వని, వెడల్పుకు 47, ఎత్తుకు 56 కంపనాల ధ్వని ఆ విధంగా నిలుస్తవి. గోడ దగ్గర అవి ఉబ్బి వినబడతవి. గదికి సరిగా నడుమ మొదటిది దాదాపు మాయమవుతుంది. కనుక సోఫా గోడకు ఆనరాదు, నడిమధ్యన ఉండరాదు. తెరగోడ నుంచి పదిన్నర అడుగుల దూరంలో తల ఉండేటట్లు, అనగా వెనుక మూడవ వంతు గదిని విడిచి వేసుకోవడం మంచిది. అంత వీలు లేకపోతే కనీసం రెండడుగులు ముందుకు జరిపి, వెనుక గోడకు దళసరి తెర కట్టవలె.

ఇక ముందరి మూడు స్పీకర్లు. కుడి ఎడమ స్పీకర్లను తెరగోడ నుంచి అడుగున్నర ముందుకు, పక్కగోడల నుంచి రెండేసి అడుగులు లోనికి ఉంచితే వాటి నడుమ 8 అడుగులు ఉంటుంది. వాటి వరుస నుంచి శ్రోతకు 9 అడుగులు. కూర్చున్నవానిని గడియారం నడుమ ఉన్నట్లూ, తెర 12 అంకె వద్ద ఉన్నట్లూ భావించండి. ఎడమ స్పీకరు 11కు, కుడి స్పీకరు 1కి సమీపంలో ఉండవలె. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1992లో ఇచ్చిన సిఫారసు ప్రకారం ఈ కోణం 30 డిగ్రీలు. మన గదిలో 24 వస్తుంది. సినిమాకు 22 మొదలు 30 వరకు ఏ కోణమైనా సమ్మతమే. రెండింటి ముఖాలనూ కొంచెం శ్రోత వైపు తిప్పవలె. వానిలో సన్నని స్వరాలు పలికే చిన్న గుండ్రని భాగం కూర్చున్నవారి చెవి ఎత్తున, నేల నుంచి సుమారు మూడున్నర అడుగుల వద్ద ఉండవలె.

మధ్య స్పీకరు తెరకు సరిగా నడుమ, దానికి వీలైనంత దగ్గరగా ఉండవలె. మన ఇళ్లలో ఎక్కువగా అన్యాయం జరుగుతున్నది దీనికే. షోకేసు అరలోపల బొమ్మల వెనుకకు నెడతారు. అప్పుడు అర చెక్కలే బుంగలాగ మోగి మాటను మూసివేస్తవి. టెలివిజను కింద నేల మీద పెడతారు. అప్పుడు మాట మోకాళ్లకు తగులుతుంది గాని చెవికి కాదు. అరలో ఉంచక తప్పకపోతే దాని ముందుభాగం అర అంచుతో సమంగా ఉండేటట్లు ముందుకు లాగండి. కింద ఉన్నప్పుడు ముందు కాళ్ల కింద చిన్న చెక్కముక్క పెట్టి ముఖాన్ని పైకి, శ్రోతల చెవుల వైపు తిప్పండి. మధ్యలో టీపాయి మీద ఎత్తుగా వస్తువులు పేర్చవద్దు. ఈ మూడు పనులూ చేసి, పెద్దవారిని కూర్చోబెట్టి వినిపించండి. భేదం వారే చెబుతారు.

చుట్టు స్పీకర్లు, అనగా సరౌండ్ స్పీకర్లు, పేరుకు తగ్గట్లు చుట్టూ ఉండవలె. వీటిని టెలివిజను పక్కనే వరుసగా నిలబెట్టినవారున్నారు. గది నాలుగు మూలలా కప్పుకు వేలాడదీసినవారున్నారు. గడియారపు లెక్కలో వాటి చోటు 3కు 4కు నడుమ, 8కి 9కి నడుమ. మన గదిలో ఇది సోఫాకు రెండడుగులు వెనుకగా పక్కగోడల మీద వస్తుంది. ఎత్తు చెవికి ఒకటి రెండు అడుగులు పైన ఉంటే, చివర కూర్చున్నవారి చెవిలో నేరుగా అరచినట్లుండదు. పక్కవారి తల అడ్డురాదు. వాన, గాలి, సంతలోని సందడి, వీటి నుంచి రావలెనే గాని, ప్రేక్షకుడు వెనుకకు తిరిగి చూడరాదు. ఏడు స్పీకర్లున్నవారు తక్కిన రెండింటినీ 5, 7 అంకెల వైపు వెనుకగా ఉంచవచ్చును. 2012 నుంచి సినిమాహాళ్లకు వచ్చిన డాల్బీ ఆట్మాస్ పద్ధతిలో కప్పు మీద కూడా స్పీకర్లుంటవి. ముందరి మూడూ సరిగా కుదిరిన తరువాతనే వాటి ఆలోచన చేయడం యుక్తం.

సబ్ వూఫరు విషయం వేరు. సెకనుకు సుమారు 80 కంపనాలకు లోబడిన ధ్వని ఎటునుంచి వస్తున్నదో గదిలో చెవి గుర్తించలేదు. కనుక ఆ పెట్టెకు దిక్కు నియమం లేదు. కాని పైన చెప్పిన ఊగుడు వల్ల, ఉంచిన చోటును బట్టి ధ్వని ఒకచోట ఉరుములాగ, మరొకచోట వట్టిగా వినబడుతుంది. మూలన పెడితే శబ్దం హెచ్చుతుంది గాని మొద్దుబారుతుంది. మాటను కూడా కప్పివేస్తుంది. దీనికి చక్కని ఉపాయం ఒకటి ఉన్నది. పెట్టెను తీసుకుపోయి శ్రోత కూర్చునే చోట, సోఫా మీదనే ఉంచండి. మంద్రస్వరాలు బాగా ఉన్న పాట ఒకటి పెట్టి, మీరు గోడల వెంట వంగి నడుస్తూ వినండి. ఎక్కడ ఆ స్వరాలు ఉబ్బక, లోపించక, సమంగా వినబడతవో అక్కడ పెట్టెను దింపండి. వినేచోటూ పలికేచోటూ ఒకదానికొకటి మార్చుకున్నా ఫలితం మారదనే సూత్రం మీద ఈ ఉపాయం ఆధారపడి ఉన్నది.

స్పీకర్లు ఎంత చక్కగా కుదిరినా గది సహకరించకపోతే మాట తేటపడదు. సిమెంటు గోడలు, నున్నని నాపరాయి లేక టైల్సు నేల, గాజు కిటికీలు - మన ఎండలకు ఇవి చల్లగా ఉంటవి గాని ధ్వనిని మింగవు. ఒక అక్షరం పలికి ముగియకముందే దాని ప్రతిధ్వని వచ్చి తరువాతి అక్షరం మీద పడుతుంది. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో వాలస్ సబీన్ అనే యువ ఆచార్యునికి ఇటువంటి సమస్యే అప్పగించినారు. కొత్త ఉపన్యాసశాలలో మాట ఐదున్నర సెకన్ల వరకు మోగుతూనే ఉన్నది. ఆయన దగ్గరలోని నాటకశాల కుర్చీల మెత్తలను రాత్రివేళ మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలు పరిస్తే మోత ఎంత తగ్గునో కొలిచినాడు. ఆ కొలతల నుంచి పుట్టిన సూత్రమే నేటికీ సభాభవనాల నిర్మాణానికి ఆధారం. ఆ సూత్రాన్ని మన గదికి అన్వయిస్తే, గోడలు నేల తమపై పడిన ధ్వనిలో సగటున నూటికి ఐదు వంతులే మింగుకుంటున్నప్పుడు మోత సుమారు రెండు సెకన్లు ఉంటుంది. తివాసీ, దళసరి తెరలు, గుడ్డసోఫా, పుస్తకాల అర చేరి మింగే శక్తిని నాలుగైదు రెట్లు పెంచితే అరసెకనుకు లోబడుతుంది.

తెర ఎక్కడ కట్టవలెనో తెలుసుకోవడానికి అద్దం చాలును. మీరు మీ చోట కూర్చోండి. మరొకరు చిన్న అద్దాన్ని పక్కగోడకు ఆనించి మెల్లగా జరుపుతూ పోవలె. అద్దంలో ముందరి స్పీకరు ఎక్కడ కనిపిస్తే, ధ్వని గోడకు తగిలి మీకు వచ్చేది అక్కడి నుంచే. ఆ చోట తెరో పుస్తకాల అరో ఉంటే సరి. సోఫాకు ముందు నేలమీద పరచిన తివాసీ కూడా ఇదే పని చేస్తుంది. సీలింగు ఫ్యానును మరచిపోవద్దు. దాని హోరు నెమ్మదిగా పలికిన మాటలను కప్పివేస్తుంది. వేగం ఒక అంకె తగ్గిస్తే, ఆంప్లిఫయరులో అంకె పెంచవలసిన అవసరం ఉండకపోవచ్చును.

చివరగా రెండు చిన్న సర్దుబాట్లు. మన గదిలో ముందరి స్పీకర్లు శ్రోతకు సుమారు 10 అడుగుల దూరాన, పక్కవి ఆరున్నర అడుగుల దూరాన ఉన్నవి. ధ్వని అడుగు దూరం నడవడానికి సెకనులో సుమారు వెయ్యవ వంతు పడుతుంది. అనగా పక్క ధ్వని మూడు వంతులకు పైగా ముందే చేరుతుంది. దూరాలను కొలిచి ఆంప్లిఫయరులో నమోదు చేస్తే, దగ్గరివాటిని ఆ యంత్రమే ఆ మేరకు ఆపి పలికిస్తుంది. అది వినిపించే పరీక్షా ధ్వనిని సోఫా మీదనే కూర్చుని విని, అన్ని స్పీకర్లూ సమాన బలంతో ఉండేటట్లు సవరించండి. తీగలు కలిపేటప్పుడు ఎర్ర కొనకు ఎర్రది, నల్ల కొనకు నల్లదే కలపవలె. ఒక స్పీకరుకు ఇది తారుమారైతే మంద్రస్వరాలు తగ్గిపోతవి. ధ్వనికి స్థానమే లేకుండా పోతుంది. చాలా యంత్రాలలో రాత్రివేళ కోసం పెద్ద శబ్దాలను అణచి చిన్న మాటలను నిలబెట్టే ఏర్పాటు ఉంటుంది. అపార్టుమెంట్లలో గోడకు అవతల నిద్రించేవారున్నారని తలచి దానిని వినియోగించడం మర్యాద.

అమరిక పూర్తి అయిన తరువాత పరీక్షకు యుద్ధఘట్టాన్ని ఎన్నుకోవద్దు. ఉరుములు ఏ అమరికలోనైనా ఉరుముతవి. ఇద్దరు మనుషులు నెమ్మదిగా మాట్లాడుకునే ఘట్టాన్ని, దూరాన వాన కురుస్తున్నదానిని ఎన్నుకోండి. ఇంటిలో అందరికంటె పెద్దవారిని ఒకసారి మధ్యన, ఒకసారి సోఫా చివర కూర్చోబెట్టి వినిపించండి. రెండు చోట్లా వారికి ప్రతి మాటా తెలిసి, అది తెర మీదినుంచే వస్తున్నట్లు తోచి, వాన మాత్రం చుట్టూ కురుస్తున్నట్లుంటే స్పీకర్లను ఇక కదపనక్కరలేదు. అట్లా తోచకపోతే మొదట మధ్య స్పీకరు వద్దకు పోయి, మరొక అంగుళం ముందుకు లాగి, మరికొంచెం పైకి తిప్పి చూడండి.